గిటార్ గుంట నుంచి ఎర్త్ గొయ్యి దాకా

పలాస, టెక్కలి వైపు అమ్మవారి సంబరాలకు ఆర్కెస్ట్రా పెడితే, పాటకన్నా ముందు స్పీకర్లోంచి ఒక్కోసారి గుయ్‌మని మోత వినిపిస్తుంది. గిటారిస్టు తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతుంది, తీస్తే మళ్ళీ లేస్తుంది. ఇది మన 50 హెర్ట్జ్‌ల కరెంటు రొద.

గిటార్‌లోని పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుకలాంటి రాగితీగను వేల చుట్లు చుట్టిన కాయిల్. అది తీగల కదలికతో పాటు దగ్గరున్న ట్రాన్స్‌ఫార్మర్, లైట్ల రొదనూ పట్టేస్తుంది. 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ రెండు కాయిళ్ళను ఎదురెదురు దిశల్లో కలిపి ఆ రొదను చాలావరకు అణిచాడు. అదే హంబకర్. ఒకే కాయిల్ పికప్ ఉన్న గిటార్లకు మాత్రం చక్కటి గ్రౌండింగ్ మరీ ముఖ్యం.

ఆ గ్రౌండింగ్ పని జరిగేది గిటార్‌లో వాల్యూమ్, టోన్ కంట్రోళ్ళు ఉండే గుంటలో. అది ఇరుకుగా ఉంటుంది. అందులో చెయ్యి పెట్టి టంకం వేయడం కష్టం. అందుకే కంట్రోళ్ళ కొలతకు తగ్గట్టు అట్టముక్కకు రంధ్రాలు చేసి, కంట్రోళ్ళను వాటిలో బిగించి, వైరింగంతా బయటే పూర్తిచేయాలి. కంట్రోల్ వీపును గరుకు కాగితంతో రుద్ది, బాగా వేడెక్కాకే టంకం పెట్టాలి. అది మెరుస్తూ పరుచుకుంటే అతుకు గట్టిది, పూసలా నిలబడితే ఉత్తిది. గుంటకు రాగిరేకు అంటించి గ్రౌండుకు కలపాలి. సిగ్నల్ వైరు ఆ రేకుకు తగిలితే గిటార్ మూగబోతుంది కాబట్టి దానికి స్లీవ్ తొడగాలి. చివరగా మల్టీమీటర్‌తో తీగలకూ జాక్ గ్రౌండుకూ మధ్య రెసిస్టెన్స్ చూడండి, సున్నాకు దగ్గరగా రావాలి.

అయితే గ్రౌండు అక్కడితో ఆగదు. తీగల నుంచి కేబుల్ ద్వారా యాంప్లిఫయర్‌కు, దాని ప్లగ్గు మూడో పిన్ను ద్వారా నేలకు చేరుతుంది. పలాస వైపు ఉద్దానం ప్రాంతంలో నేల ఇసుక. కొబ్బరికీ జీడికీ అనువైనదే, కానీ ఎండిన ఇసుక కరెంటును సరిగా పోనివ్వదు. ఉప్పుగాలికి ఎర్త్ క్లాంపులు తుప్పు పడతాయి. ఎర్త్ లేని యాంప్లిఫయర్‌లో లోపం వస్తే కరెంటు గిటార్ తీగల్లోకే రావచ్చు. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు ఎర్త్ సరిగా లేని మైకును పట్టుకుని, షాక్‌తో స్టేజీ మీదే ప్రాణం పోగొట్టుకున్నాడు.

సంబరం పెట్టే పెద్దలకు ఒక్క మనవి. స్టేజీ దగ్గర ఎర్త్ గొయ్యి లోతుగా తీయించి, బొగ్గు, ఉప్పు వేసి తడిపించండి. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించండి. వాయించే తమ్ముళ్ళూ, మోత తగ్గుతుందని ప్లగ్గు మూడో పిన్నును ఎప్పుడూ విరవకండి. మీ ప్రాణానికి కాపలా అదే.