తప్పు లెక్క వెనక ఉన్న ఆలోచన

ఒకటో తరగతి పిల్లల ముందు ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, రెండూ సమానమేనా అని అడగండి. అవునంటారు. వాళ్లు చూస్తుండగానే ఒక గ్లాసు నీళ్లను పొడవాటి సన్న సీసాలోకి ఒంపి మళ్లీ అడగండి. ఐదారేళ్ల పిల్లల్లో చాలామంది సీసాలోనే ఎక్కువ ఉన్నాయంటారు. స్విట్జర్లాండ్ మనోవిజ్ఞానవేత్త జీన్ పియాజే (1896–1980) గమనించింది ఇదే. ఆ వయసులో ఎత్తు ఒక్కటే దృష్టిలో పడుతుంది. వెడల్పునూ కలుపుకొని ఆలోచించడం, ఒంపిన నీళ్లను మనసులోనే తిరిగి గ్లాసులో పోసి చూడడం సుమారు ఏడేళ్లకు గాని అలవడవు.

టీచర్ కావడానికి టెట్‌కూ డీఎస్సీకీ చదివినవాళ్లకు ఇదంతా తెలిసిందే. పియాజే దశలు, పదిలపరచుకొనే భావన, వైగోట్‌స్కీ సామీప్య వికాస మండలం నోటికి వచ్చు. ఆ చదువు బిట్ల దగ్గరే ఆగిపోతోందన్నదే నా బాధ. అది అక్కరకు రావాల్సింది పిల్లల నోటుబుక్కులు దిద్దేటప్పుడు.

52 నుంచి 38 తీసేయమంటే మూడో తరగతి పాప 26 అని రాసిందనుకుందాం. ఎర్ర సిరాతో కొట్టేసి 14 అని రాసిస్తే ఆ పూటకు పని అయిపోతుంది. ఎలా చేశావమ్మా అని అడిగితే మాత్రం, ‘ఎనిమిదిలోంచి రెండు పోతే ఆరు, ఐదులోంచి మూడు పోతే రెండు’ అంటుంది. పెద్ద అంకెలోంచే చిన్నది తీయాలని ఇదివరకు నేర్చుకున్న సూత్రాన్నే ఇక్కడా వాడింది. కొత్త విషయాన్ని పిల్లలు ముందు తెలిసినదానిలోనే ఇముడ్చుకుంటారని, ఇమడనప్పుడే ఆలోచన మార్చుకుంటారని పియాజే చెప్పింది ఇందుకే. కాబట్టి ఇమడదని పాపకే తెలియాలి. పదేసి పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు చేతికిచ్చి 38 తీయమనండి. ఉన్న రెండు పుల్లల్లోంచి ఎనిమిది రావు, కట్ట విప్పక తప్పదు. విప్పితే విడి పుల్లలు 12 అవుతాయి. ఎనిమిది తీస్తే నాలుగు. మిగిలిన నాలుగు కట్టల్లో మూడు తీస్తే ఒకటి. పదుల నుంచి అప్పు తెచ్చుకోవడమంటే ఏమిటో అప్పుడు చెబితే ఎక్కుతుంది.

కట్ట విప్పాలని తోచకపోతే? పియాజే పుట్టిన ఏడాదే పుట్టి 1934లోనే కన్నుమూసిన రష్యన్ శాస్త్రవేత్త వైగోట్‌స్కీ ఇక్కడ దారి చూపుతాడు. పాప ఒంటరిగా చేయలేనిది, చిన్న సాయంతో చేయగలిగేది ఏదో అదే ఆమె నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్న పాఠం. ‘ఇంకా పుల్లలు ఎక్కడున్నాయి?’ అని పక్కనున్న పిల్లాడు అడిగినా చాలు.

అయితే పియాజే చెప్పిన వయసులు శిలాశాసనాలు కావు. నీళ్ల ప్రయోగంలో పిల్లలు తమ జవాబు మార్చుకోవడానికి మరో కారణమూ ఉందని 1970ల్లో పరిశోధకులు చూపారు. పెద్దవాళ్లు ఒకే ప్రశ్న రెండోసారి అడిగితే, మొదటి జవాబు తప్పేమోనని పిల్లలు అనుకుంటారు. సార్ మళ్లీ అడిగారంటే జవాబు మార్చేయడం మన తరగతుల్లో ఎంత మామూలో అందరికీ తెలుసు. అందుకే సరైన జవాబు చెప్పిన పిల్లల్ని కూడా ‘ఎలా వచ్చింది?’ అని అడగాలి.

పిల్లలు చేసి నేర్చుకోవాలన్న మాట మనకూ పాతదే. 1980ల్లో బ్రిటిష్ సాయంతో వచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం చెప్పింది అదే. 2022 ఆగస్టులో తెలంగాణ మొదలుపెట్టిన ‘తొలిమెట్టు’ కార్యక్రమం కూడా పిల్లల స్థాయి తెలుసుకుని బోధించమంటుంది. ఆ స్థాయి మార్కుల పట్టికలో కనిపించేది కొంతే.

టీచర్లకు నా విన్నపం ఒక్కటే. ఈసారి స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి తప్పు లెక్కలున్న రెండు మూడు నోటుబుక్కులు వెంట తీసుకెళ్లండి. ఆ పిల్లలు ఎలా ఆలోచించి ఉంటారో తోటి టీచర్లతో కలిసి చర్చించండి.