సీలో సున్నా అంటే పని అయినట్టా, కానట్టా?

సింగపూర్‌లో పగలు సైటులో పనిచేసి, రాత్రి డార్మిటరీలో సీ నేర్చుకుంటున్న ఒక తమ్ముడు పంపిన వాయిస్ మెసేజ్ మీదే ఈ ఎపిసోడ్: "అన్నా, ఒక ఫంక్షన్ సున్నా ఇస్తే పని అయిందంటారు, ఇంకోటి సున్నా ఇస్తే కాలేదంటారు. ఏది నమ్మాలి?"

నేను ఫంక్షన్లను మూడు రకాలుగా చూస్తాను.

ఆర్డర్ వేసేవి: "ఫైల్ మూసెయ్" అని చెప్పే క్లోజ్ లాంటివి. సున్నా అంటే అయింది, మైనస్ ఒకటి అంటే కాలేదు. పని అయితే చెప్పడానికి ఒక్క మాట చాలు. కాకపోతే కారణాలు చాలా ఉంటాయి. అందుకే సున్నాని 'అయింది'కి ఇచ్చి, మిగతా నంబర్లను తప్పులకు వదిలారు.

ప్రశ్న అడిగేవి: "ఇది అంకెనా?" అనే ఈజ్‌డిజిట్. ఇక్కడ సున్నా అంటే కాదు, ఇంకేది వచ్చినా అవును.

తెచ్చిపెట్టేవి: మెమరీ తెచ్చే మాలాక్, ఫైల్ తెరిచే ఎఫ్‌ఓపెన్. దొరక్కపోతే నల్ ఇస్తాయి.

లైనక్స్ కెర్నల్ వాళ్ల నియమం కూడా ఇలాగే ఉంటుంది: పేరు ఆర్డర్‌లా ఉంటే ఎర్రర్ కోడ్, ప్రశ్నలా ఉంటే అవును-కాదు.

ప్రశ్న అడిగే ఫంక్షనే "నాకు కుదరలేదు" అని కూడా చెప్పాల్సి వస్తే చిక్కు మొదలవుతుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అని, వెబ్‌సైట్ల కనెక్షన్లకు తాళం వేసే లైబ్రరీ ఉంది. అందులో డిజిటల్ సంతకాన్ని సరిచూసే ఫంక్షన్ ఒప్పైతే ఒకటి, తప్పైతే సున్నా, సరిచూడటమే కుదరకపోతే మైనస్ ఒకటి ఇస్తుంది. దాన్ని పిలిచిన కోడ్ కొన్నిచోట్ల "సున్నానా, కాదా" అని మాత్రమే చూసింది. ఇఫ్‌కి మైనస్ ఒకటి కూడా నిజమే! దాంతో చెడగొట్టిన సంతకం కూడా చెల్లిపోయేది. దొంగ సర్వర్ అసలు సర్వర్‌లా నటించే వీలుండేది. 2009 జనవరిలో, 0.9.8జే వెర్షన్‌లో సరిచేశారు. మనం ఫోన్‌లో ఊరికి డబ్బు పంపేటప్పుడు నమ్మేది ఇలాంటి తనిఖీనే.

సైటులో ఇది మనకి తెలిసిందే. హార్నెస్ "బాగాలేదు" అంటే పైకి ఎక్కం. "చూడటం కుదరలేదు" అన్నా ఎక్కం. అందుకే అలాంటి ఫంక్షన్ ఇచ్చింది ఒకటేనా అని చూడాలి.

ఇక ఎర్‌నో. ఫంక్షన్ కాలేదని చెప్పాకే దాన్ని చూడండి. పని అయినా పాత నంబరు అందులోనే ఉండొచ్చు. మధ్యలో ప్రింట్‌ఎఫ్ పిలిచినా మారిపోవచ్చు, ముందే వేరే వేరియబుల్‌లో దాచుకోండి.

ఈ ఆదివారం మీ పాత ప్రోగ్రాం ఒకటి తెరవండి. అందులో వాడిన ప్రతి ఫంక్షన్‌కీ మాన్యువల్‌లో 'రిటర్న్ వాల్యూ' భాగం చదవండి. డౌటొస్తే వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.