కంటి శస్త్రచికిత్సలో ఇన్ఫెక్షన్: సూక్ష్మజీవి వచ్చే దారులు, అడ్డుకునే పద్ధతులు

1. పరిచయం

ఆళ్ళగడ్డ శిల్పులకు పేరుపొందిన ఊరు. రాయి చెక్కే చేతికి చూపే ఆధారం. వయసు మీదపడి కంటిలో శుక్లం ముదిరితే అక్కడివారు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని నంద్యాలకు వెళ్ళి ఆపరేషన్ చేయించుకొని, అదే రోజో మరునాడో ఇల్లు చేరుతుంటారు. శుక్లం ఆపరేషన్ చాలావరకు సురక్షితమైనది. అయితే అరుదుగా కంటి లోపల ఇన్ఫెక్షన్ సోకుతుంది. దీనిని ఎండాఫ్తాల్మైటిస్ అంటారు. ఇది ఒకటి రెండు రోజుల్లోనే చూపును పోగొట్టగలదు.

2. కన్ను ఎందుకు సున్నితం?

చర్మానికి గాయమైతే రక్తంలోని తెల్లకణాలు వెంటనే చేరి సూక్ష్మజీవులతో పోరాడతాయి. కటకానికి, దాని వెనుక ఉండే జెల్లీ వంటి పదార్థానికి రక్తనాళాలు లేవు. అందువల్ల రక్షణ కణాలు ఆలస్యంగా చేరుతాయి. ఈలోగా బాక్టీరియా వృద్ధి చెందుతుంది. చర్మంపై ఏ హానీ చేయని బాక్టీరియా కూడా కంటి లోపల ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

3. సూక్ష్మజీవి వచ్చే దారులు

మొదటిది రోగి సొంత శరీరం. కనురెప్పల అంచులలో స్టెఫైలోకోకస్ జాతి బాక్టీరియా సహజంగానే ఉంటుంది. ఈ దారిలో ఇన్ఫెక్షన్ సాధారణంగా ఒక్కొక్కరికి విడివిడిగా వస్తుంది.

రెండవది ఉమ్మడి మూలం: పరికరాలు, ద్రావణాలు, నీరు, గాలి. ఒకే రోజు ఆపరేషన్ జరిగిన పలువురికి ఇన్ఫెక్షన్ వస్తే ముందుగా దీనినే అనుమానించాలి. 2016 జూన్ నెలాఖరులో హైదరాబాద్‌లోని సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో శుక్లం ఆపరేషన్ చేయించుకున్నవారిలో 13 మందికి ఇన్ఫెక్షన్ సోకింది. కొందరు చూపు కోల్పోయారు. ఆపరేషన్‌లో వాడిన రింగర్ లాక్టేట్ ద్రావణంలో క్లెబ్సియెల్లా బాక్టీరియా ఉన్నట్లు పరీక్షలో తేలిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. శస్త్రవైద్యుని చేయి ఎంత శుభ్రంగా ఉన్నా, కలుషితమైన సీసా ఆ జాగ్రత్తనంతా వృథా చేస్తుందని ఈ ఘటన తెలుపుతుంది.

4. నివారణ

రెండు దారులకూ వేర్వేరు అడ్డుకట్టలు కావాలి. మొదటిదానికి పోవిడోన్ అయోడిన్ ముఖ్యం. కోతకు ముందు 5 శాతం ద్రావణాన్ని కంటిలో వేసి కనీసం 3 నిమిషాలు ఉంచుతారు. ఆపరేషన్ చివర కంటి లోపల యాంటీబయాటిక్ వేయడం మరో రక్షణ.

రెండవదానికి పరికరాలను ఆటోక్లేవ్‌లో ఆవిరి పీడనంతో శుద్ధి చేస్తారు: 121 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం 15 నిమిషాలు. ప్రతి రోగికీ వేరే పరికరాల సెట్టు వాడాలి. ద్రావణం బ్యాచ్ నంబరును రికార్డులో రాయాలి. అది లేకపోతే ఇన్ఫెక్షన్ మూలాన్ని వెతికి, మిగిలిన సీసాలను ఆపడం కష్టం.

5. ఇంటికి చేరాక

ఈ ఇన్ఫెక్షన్ లక్షణాలు ఎక్కువగా మొదటి వారంలోనే బయటపడతాయి. అప్పటికి రోగి ఆళ్ళగడ్డలోని తన ఇంట్లో ఉంటారు. ఆపరేషన్ తరువాత కొద్దిపాటి గరగర సహజం; అది రోజురోజుకూ తగ్గాలి. నొప్పి, ఎరుపు, రెప్పల వాపు పెరిగినా, వచ్చిన చూపు మళ్ళీ మసకబారినా ఉదయం దాకా ఆగరాదు. మందుల షాపులో చుక్కలు కొని వేసుకొని ఊరుకోకుండా, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెంటనే వెళ్ళాలి. కంటి లోపలికి యాంటీబయాటిక్ ఎంత త్వరగా ఇస్తే చూపు నిలిచే అవకాశం అంత ఎక్కువ.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒకే రోజు ఆపరేషన్ జరిగిన నలుగురికి ఇన్ఫెక్షన్ సోకితే, మీరు ముందుగా ఏయే అంశాలను పరిశీలిస్తారు? ఎందుకు?