మెట్రో బ్రేక్ వేస్తే కరెంటు పుడుతుందా?

2017 నవంబర్ 28న హైదరాబాద్ మెట్రో ప్రారంభమైంది మా మియాపూర్‌లోనే. ఇక్కణ్ణుంచి ఎల్బీనగర్‌కి 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. ఆఫీసుకి లేటైన రోజు "ప్రతి చోటా ఆగాలా?" అని విసుక్కునేవాణ్ణి. అసలు సంగతి తెలిశాక మానేశా.

సైకిల్ డైనమో గుర్తుందా? లైటు వెలిగేది, తొక్కడం బరువయ్యేది. మెట్రోలోనూ అంతే. బ్రేక్ వేయగానే, చక్రాల్ని తిప్పే మోటార్లే జనరేటర్లవుతాయి. కరెంటు పుడుతుంది, ఆ బరువుకి రైలు నెమ్మదిస్తుంది. ఆ కరెంటు పైనున్న 25 వేల వోల్టుల తీగలోకి వెళ్తే, దగ్గర్లో బయల్దేరే ఇంకో రైలు వాడుకుంటుంది.

1863లో లండన్‌లో మొదలైన ప్రపంచపు తొలి భూగర్భ మెట్రో ఆవిరి ఇంజన్లతో సొరంగమంతా పొగ నింపేది. మన రైలేమో ఆగుతూ కూడా పక్క రైలుకి సాయం చేస్తోంది. రేపు అమీర్‌పేటలో ఆగినప్పుడు గుర్తు చేసుకోండి!