మట్టిని విడిచివచ్చిన వాళ్ళ పిల్లలకు వ్యవసాయ పట్టా

పన్నెండో తరగతి ఫలితాలు వచ్చే రోజుల్లో మన ఇళ్ళలో వినిపించే మాటలు రెండే. ఇంజనీరింగా? మెడిసినా? మెడిసిన్ సీటు అందకపోతే ఫార్మసీ, అదీ కాకపోతే నర్సింగు, ఇంకా కాకపోతే ఏదో ఒక డిగ్రీ. ఈ వరుసలో "బి.ఎస్సీ. అగ్రికల్చర్" అనే మాట ఎవరి నోటా రాదు. వచ్చినా పెద్దలు నవ్వి ఊరుకుంటారు. "వ్యవసాయం చెయ్యడానికి చదువెందుకు?" అన్నది ఒక ప్రశ్న. "మనకు ముంబైలో పొలమెక్కడిది?" అన్నది రెండో ప్రశ్న. ఈ రెండింటికీ జవాబు చెప్పే ప్రయత్నమే ఈ వ్యాసం. నేను రాహురిలోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చదివి, ఒక జాతీయ బ్యాంకులో వ్యవసాయాధికారిగా పనిచేసి రిటైరైన వాణ్ణి. పుట్టి పెరిగింది మాత్రం ఫాక్‌లాండ్ రోడ్ పక్క గల్లీలోని ఒక చాలిలో.

మన పెద్దలు ఈ నగరానికి ఎందుకు వచ్చారో పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. నిజాం రాజ్యంలోని పల్లెల నుంచి కూలిపనికి వచ్చిన కామాటీల పేరు మీదనే కామాటిపుర వెలిసింది. తరువాతి తరాలలో కరీంనగర్, నిజామాబాద్, నల్లగొండ, వరంగల్, పాలమూరు జిల్లాల వాళ్ళు బట్టల మిల్లులలో చేరారు. ఆడవాళ్ళు ఇంటి దగ్గర బీడీలు చుట్టారు. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెలో సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు పని మానేశారు. అందులో మనవాళ్ళూ ఉన్నారు. ఆ తరువాత కొందరు భివండీ సాంచాలకు పోయారు, కొందరు ఊరికి తిరిగిపోయారు, మిగిలినవాళ్ళు ఇక్కడే దొరికిన పని చేసుకున్నారు. వానలు లేక, భూమి చాలక ఊరు విడిచిన కుటుంబాలు మనవి. అందుకే సేద్యం అనగానే మన ఇళ్ళలో అప్పు, ఎండిన బావి గుర్తుకు వస్తాయి.

మా చాలిలో నాలుగేళ్ళ క్రితం జరిగిన సంగతి చెబుతాను. ఒక అమ్మాయి సైన్సులో మంచి మార్కులతో పన్నెండు పాసయింది. వ్యవసాయ డిగ్రీ చదువుతానంది. తండ్రి ఒప్పుకోలేదు. తాతగారు మిల్లులో సాంచా నడిపిన మనిషి. నన్ను పిలిపించి, "చూడు బిడ్డా, మా అయ్య అరకల ఎడ్లను అమ్ముకొని నన్ను రైలెక్కిచ్చిండు. నేను జీవితమంత దూది పీల్చిన. ఇప్పుడిది మల్ల మట్టి పిసుకుతనంటది. గిందుకేనా మేం ఊరిడిసింది?" అన్నారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. నేను ఆయనతో వాదించలేదు. "పెద్దయ్యా, మీరు మిల్లులో ఏ దూది నడిపారు?" అని అడిగాను. ఆయన పొడుగు పింజె, పొట్టి పింజె అంటూ అరగంట చెప్పారు. "ఆ దూది మంచిదా చెడ్డదా అని నిర్ణయించేది, రైతు దగ్గర మద్దతు ధరకు కొనేది ఎవరో తెలుసా? వ్యవసాయ డిగ్రీ చదివినవాళ్ళే" అన్నాను.

ఇది ఊరికే అన్న మాట కాదు. 1970లో ఏర్పడిన కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం మన నవీ ముంబైలోని బేలాపూర్‌లో ఉంది. అది ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు వైపు కూడా పత్తి కొంటుంది. అందులోని జూనియర్ కమర్షియల్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగాలకు బి.ఎస్సీ. అగ్రికల్చర్ చదివినవాళ్ళనే తీసుకుంటారు. పత్తి పింజె మీద పరిశోధన చేసే కేంద్రీయ సంస్థ 'సిర్కాట్' 1924 నుంచి మాటుంగాలో ఉంది. విదేశాల నుంచి ఓడలలో వచ్చే గింజలను, మొక్కలను తెగుళ్ళ కోసం పరీక్షించే ప్లాంట్ క్వారంటైన్ కేంద్రం శివడీలో ఉంది. గ్రామీణ రుణాలకు పెద్ద దిక్కయిన నాబార్డ్ 1982 జులైలో, అంటే మిల్లు సమ్మె జరుగుతున్న ఏడాదే, పుట్టింది. దాని ప్రధాన కార్యాలయం బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో ఉంది. పొలం లేని ఈ ముంబైలో వ్యవసాయానికి సంబంధించిన కార్యాలయాలు ఇన్ని ఉన్నాయని మనలో చాలామందికి తెలియదు.

ఏయే దారులు ఉన్నాయి?

మొదటిది బ్యాంకు. ఐ.బి.పి.ఎస్. వారు స్పెషలిస్ట్ ఆఫీసర్ల పరీక్ష పెడతారు. అందులో 'అగ్రికల్చరల్ ఫీల్డ్ ఆఫీసర్' పోస్టుకు నాలుగేళ్ళ వ్యవసాయ డిగ్రీ కానీ, ఉద్యానం, పశువైద్యం, డెయిరీ, మత్స్యశాఖ వంటి దాని అనుబంధ డిగ్రీ కానీ ఉండాలి. వయస్సు 20 నుంచి 30 మధ్య ఉండాలి. రిజర్వేషన్ ఉన్నవారికి సడలింపు ఉంటుంది. మామూలు డిగ్రీవాళ్ళు ఈ పోటీలోకి రాలేరు. పంట రుణాలు, కిసాన్ క్రెడిట్ కార్డులు, ట్రాక్టరు, పాడి రుణాలు చూడటం పని. నాబార్డ్ గ్రేడ్-ఎ అధికారుల పరీక్ష దీనికంటే కష్టం, హోదా కూడా పెద్దదే.

రెండవది ప్రభుత్వ శాఖలు. మహారాష్ట్రలో ఎం.పి.ఎస్.సి. ద్వారా వ్యవసాయ సేవల అధికారులను తీసుకుంటారు. తెలుగు రాష్ట్రాలలో మండల వ్యవసాయాధికారి ఉద్యోగాలు ఉన్నాయి. యు.పి.ఎస్.సి. వారి ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్షకు కూడా ఈ డిగ్రీ అర్హతే. అయితే రాష్ట్ర ఉద్యోగాల నోటిఫికేషన్లు ఏటా రావు. వాటి కోసమే ఏళ్ళ తరబడి కూర్చోవడం మంచిది కాదు.

మూడవది పరిశోధన. మన ఇళ్ళలో 'బి.పి.టి.' అని పిలుచుకునే సాంబ మసూరి బియ్యం బాపట్లలో రూపొంది 1986లో విడుదలైంది. షుగరు ఉన్నవాళ్ళు అడిగి కొంటున్న తెలంగాణ సోనా రాజేంద్రనగర్‌లో తయారైంది. ఇటువంటి పని చేయాలంటే ఎం.ఎస్సీ., పిహెచ్.డి. దాకా చదివే ఓపిక కావాలి.

నాలుగవది ప్రైవేటు కంపెనీలు. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు, డ్రిప్పు, ఆహార ఎగుమతులు, పంటల బీమా ఇందులోకి వస్తాయి. ఉద్యోగం తొందరగా దొరుకుతుంది. కాని మొదట్లో జీతం తక్కువ, మోటారు సైకిలు మీద తిరుగుడు ఎక్కువ, అమ్మకాల టార్గెట్లు ఉంటాయి. ఈ రంగంలో పైకి రావాలనుకునేవారు రాజేంద్రనగర్‌లోని 'మేనేజ్' వంటి సంస్థలో అగ్రి బిజినెస్ మేనేజ్‌మెంట్ చదవవచ్చు. దానికి క్యాట్ పరీక్ష రాయాలి.

అయిదవది సొంత వ్యాపారం. 2002లో మొదలైన అగ్రి క్లినిక్స్ పథకం కింద పట్టభద్రులకు 45 రోజుల ఉచిత శిక్షణ ఇచ్చి బ్యాంకు రుణానికి సాయపడతారు. ఒక్కరికి 20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. అందులో సబ్సిడీ సాధారణంగా 36 శాతం. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 44 శాతం. పురుగుమందుల దుకాణం లైసెన్సుకు కూడా ఇప్పుడు తగిన చదువు చూపించాలి.

సీటు సంగతి

మన పిల్లలు ఇక్కడే పది, పన్నెండు చదివి, మహారాష్ట్ర డొమిసైల్ ఉంటే ఎం.హెచ్.టి.-సి.ఇ.టి. రాయడమే దగ్గరి దారి. రాష్ట్రంలో రాహురి, అకోలా, పర్భణీ, దాపోలీలలో నాలుగు వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. తెలుగు రాష్ట్రాలలో సీట్లలో పెద్ద భాగం అక్కడ చదివిన స్థానికులకే పోతుంది. ఊళ్ళో తాతల నాటి ఇల్లున్నంత మాత్రాన మనం స్థానికులం కాము. అక్కడే చదవాలని ఉంటే ఐ.సి.ఏ.ఆర్. అఖిల భారత కోటా ఉంది. దానికి ఇప్పుడు సి.యు.ఇ.టి. పరీక్ష రాయాలి.

ఒక హెచ్చరిక. మా గల్లీ కుర్రవాడొకడు దళారి మాట నమ్మి, దూరాన ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో డబ్బు కట్టి చేరాడు. ఆ కాలేజీకి ఐ.సి.ఏ.ఆర్. గుర్తింపు లేదని పట్టా చేతికొచ్చాక తెలిసింది. అతడు చేరాలనుకున్న ఎం.ఎస్సీ.కి దరఖాస్తే తీసుకోలేదు. తల్లి బీడీలు చుట్టి కూడబెట్టిన డబ్బు అది. కనుక ఫీజు కట్టకముందే గుర్తింపు ఉందో లేదో చూడండి. డిగ్రీ నాలుగేళ్ళదేనా అని కూడా అడగండి.

మన పిల్లలకున్న బలం

పొలం లేకపోవడం లోటే. ఆ లోటును కొంతవరకు నాలుగో సంవత్సరంలో ఉండే గ్రామీణ అనుభవ కార్యక్రమం తీరుస్తుంది. విద్యార్థులు కొన్ని నెలలు పల్లెలో రైతులతో కలిసి పనిచేయాలి. మరోవైపు మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, వీధిలో హిందీ వస్తాయి. నాందేడ్ జిల్లాలోని దేగ్లూర్, బిలోలీ, ధర్మాబాద్ వైపు, గడ్చిరోలీ జిల్లా సిరోంచ వైపు తెలుగు మాట్లాడే రైతులు ఎందరో ఉన్నారు. నేను ఆ సరిహద్దులో పనిచేసినప్పుడు "సారు మనోడే" అని అప్పు కాగితాలు ముందు పెట్టి, దాచకుండా కష్టం చెప్పుకున్న రైతులను చూశాను. ఏ పరీక్షలోనూ మార్కులు వేయని అర్హత అది.

ఇంకొక మాట. ఫాక్‌లాండ్ రోడ్‌కు పఠ్ఠే బాపూరావ్ మార్గ్ అని పేరు మార్చి చాలాకాలమైంది. అయినా చిరునామా చెప్పగానే ఎదుటివాళ్ళ ముఖంలో కనిపించే నవ్వు మన పిల్లలకు అలవాటే. ఇంటర్వ్యూలో ఆ నవ్వు ఎదురవుతుందేమోనని దరఖాస్తులో బంధువుల ఇంటి చిరునామా రాసేవాళ్ళున్నారు. రాయనక్కరలేదు. కష్టపడి బతికిన మనుషుల చిరునామా అది.

మా చాలి అమ్మాయి ప్రస్తుతం ఆఖరి సంవత్సరంలో ఉంది. పల్లెలో పత్తి చేలో పనిచేసి వచ్చి, గులాబి పురుగు పట్టిన కాయను తాతగారి చేతిలో పెట్టిందట. ఆయన దాన్ని చీల్చి చూసి, "గీ మచ్చల దూది మా ఖాతాకు రోజూ వచ్చేది. ఎందుకట్లయితదో మాకెవ్వరూ చెప్పలే" అన్నారట. బ్యాంకు పరీక్షకు పుస్తకాలు కొనడానికి ఆయనే డబ్బిచ్చారు. ఉద్యోగం ఇంకా రాలేదు. వస్తుందని నేను హామీ ఇవ్వలేను, పోటీ గట్టిదే.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. అందరినీ ఈ చదువులో చేర్చమని చెప్పడం లేదు. ఎండకు తిరగలేని పిల్లలకు, పల్లెలో ఉద్యోగం వద్దనుకునే వారికి ఇది సరిపడదు. కాని ఆసక్తి ఉన్న పిల్లను "మట్టి పని" అని మాత్రం ఆపకండి. ఈ ఏడు ఫారాలు నింపేటప్పుడు ఆ రెండు పేర్ల పక్కన ఈ మూడో పేరును కూడా ఇంట్లో ఒకసారి చర్చించండి.