తడి తువ్వాలును ఆరబెట్టే వేడి చట్రం: తయారీ, లెక్కలు, భద్రత

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• తడి తువ్వాలు ఆరడానికి కావలసిన ఉష్ణాన్ని లెక్కించగలుగుతారు;
• గాలిలోని తేమకు, ఆరడానికి మధ్య ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు;
• గీజరు నీటితో పనిచేసే సాదా చట్రాన్ని రూపొందించగలుగుతారు;
• స్నానాల గదిలో 230 వోల్టుల విద్యుత్తును లోహపు చట్రానికి ఎందుకు కలపకూడదో చెప్పగలుగుతారు.

9.1 పరిచయం

వానాకాలంలో ముసురు పట్టినప్పుడు దండెం మీద వేసిన తువ్వాలు మర్నాటికి కూడా ఆరదు. ఆరకపోగా ముక్కవాసన వేస్తుంది. తడిగా ఉన్న నూలు పోగుల్లో సూక్ష్మజీవులు పెరగడమే దీనికి కారణం. చలిదేశాల ఇళ్లలో ఇందుకోసం స్నానాల గది గోడకు వేడి గొట్టాల చట్రాన్ని బిగిస్తారు. తువ్వాలును దానిమీద వేస్తే వెచ్చగానూ ఉంటుంది, త్వరగానూ ఆరుతుంది. ఇటువంటి చట్రాన్ని ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. అయితే నీళ్లు, లోహం, విద్యుత్తు, తడి ఒంటితో ఉన్న మనిషి ఒకేచోట ఉండే గది ఇది. కరెంటు పాకిన ఇనుపతీగ దండెం మీద తడిబట్టలు ఆరవేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు మీరు పత్రికల్లో చదివే ఉంటారు. లోహపు చట్రం కూడా ఒక దండెమే. కాబట్టి పనిముట్లు పట్టుకునే ముందు లెక్క, ఆ తరవాత భద్రత తెలుసుకోవాలి.

9.2 ఎంత ఉష్ణం కావాలి?

ముందుగా ఒక చిన్న ప్రయోగం చేయండి. పొడి తువ్వాలును వంటింటి త్రాసులో తూచండి. స్నానం చేసి ఒళ్లు తుడుచుకున్నాక మళ్లీ తూచండి. రెండింటి తేడాయే తువ్వాలు పీల్చుకున్న నీరు. అది 300 గ్రాములు అనుకుందాం.

నీరు ఆవిరి కావడానికి మరగనవసరం లేదు. మామూలు ఉష్ణోగ్రత వద్ద కూడా ఆవిరవుతుంది. కాని అందుకు బాష్పీభవన గుప్తోష్ణాన్ని ఎక్కడినుంచో తీసుకోవాలి. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక కిలో నీటికి ఇది సుమారు 2,430 కిలోజౌళ్లు. అప్పుడు:

కావలసిన ఉష్ణం = 0.3 × 2,430 = 729 కిలోజౌళ్లు.

ఒక యూనిట్ విద్యుత్తు అంటే 3,600 కిలోజౌళ్లు. అంటే తువ్వాలు ఆరడానికి సుమారు 0.2 యూనిట్లు చాలు. ఇది కనీసపు లెక్క. చట్రం ఇచ్చే ఉష్ణంలో కొంత భాగం గోడకు, గాలికి పోతుంది. సగమే తువ్వాలుకు చేరుతుందనుకుంటే 0.4 యూనిట్లు అవుతుంది.

9.3 గాలి పాత్ర

ఆవిరి ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నను చాలామంది వేసుకోరు. 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు ఉన్న గదిలో 7.5 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 30 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే పట్టి ఉంచగలదు. అంటే గది మొత్తంలో 225 గ్రాములు. వానరోజున సాపేక్ష ఆర్ద్రత 70 శాతం అనుకుంటే ఇందులో 157 గ్రాములు ముందే నిండి ఉంటాయి. మిగిలిన చోటు 68 గ్రాములకే.

తువ్వాలులో ఉన్నది 300 గ్రాములు. తలుపు, కిటికీ మూసేస్తే మీరు ఎంత వేడి చేసినా ఆ ఆవిరి చల్లని గోడల మీద, అద్దం మీద నీటిబొట్లుగా మారుతుంది. గోడలకు బూజు పడుతుంది. కాబట్టి ఎగ్జాస్టు ఫ్యానుగాని, పైన తెరిచిన వెంటిలేటరుగాని లేని గదిలో వేడి చట్రం పెట్టి ప్రయోజనం లేదు. తువ్వాలును మడతలు లేకుండా పరచడం కూడా అంతే ముఖ్యం. గాలి తగిలే వైశాల్యం పెరిగితే బాష్పీభవనం పెరుగుతుంది.

9.4 చట్రం ఇచ్చే ఉష్ణం

15 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం ఉన్న రాగి గొట్టం 6 మీటర్లు తీసుకుందాం. దాని ఉపరితల వైశాల్యం 3.14 × 0.015 × 6 = 0.283 చదరపు మీటర్లు. నిశ్చలమైన గాలిలో సంవహనం, వికిరణం కలిసి ఒక చదరపు మీటరునుంచి, ప్రతి డిగ్రీ తేడాకు, సుమారు 10 వాట్లు తీసుకుపోతాయి. గొట్టంలో 55 డిగ్రీల నీరు, గదిలో 30 డిగ్రీలు ఉంటే:

ఉష్ణం = 10 × 0.283 × 25 = సుమారు 70 వాట్లు.

రాగి స్టీలు కంటే ఎన్నో రెట్లు మంచి ఉష్ణవాహకం కదా, స్టీలు గొట్టం వాడితే ఫలితం బాగా తగ్గుతుందా? తగ్గదు. పలుచని లోహపు గోడ ఉష్ణానికి కలిగించే నిరోధం స్వల్పం. అసలు అడ్డంకి గొట్టం వెలుపల ఉన్న గాలి పొర. కాబట్టి రాగి, స్టీలులలో మీ ఊళ్లో దొరికేది, ప్లంబరుకు అతకడం వచ్చింది ఎంచుకోండి.

9.5 వేడినీటి చట్రం తయారీ

ఈ రకంలో చట్రానికి విద్యుత్తు ఉండదు. గీజరునుంచి కుళాయికి వెళ్లే వేడినీరు దారిలో చట్రం గుండా ప్రవహిస్తుంది.

1. 55 సెంటీమీటర్ల ముక్కలు పది కోయండి. వాటిని ఒకదానిమీద ఒకటి 6 సెంటీమీటర్ల ఎడంతో అమర్చి, చివరలను ఎల్బోలతో పాములాగా ఒకే దారిగా కలపండి. అతుకులకు సీసం లేని టంకం వాడండి.
2. నీరు కిందినుంచి వచ్చి పైనుంచి పోయేలా కలపండి. అప్పుడు గొట్టాల్లో గాలి చిక్కుకోదు.
3. గీజరు వేడినీటి గొట్టానికి, వేడినీటి కుళాయికి మధ్య చట్రాన్ని కలపండి. గీజరు భద్రతా వాల్వుకు అడ్డుగా ఏదీ పెట్టకండి. నీరు బయటికి పోయే దారికి కుళాయి బిగించకూడదని తయారీదారు చెప్పిన గీజరు అయితే ఈ పద్ధతి వాడకండి.
4. రాగిని జి.ఐ. గొట్టానికి నేరుగా కలిపితే జి.ఐ. త్వరగా తుప్పు పడుతుంది. మధ్యలో ఇత్తడి ఫిట్టింగు వేయండి.
5. చట్రాన్ని గోడకు రెండు అంగుళాల ఎడంగా క్లాంపులతో బిగించండి. చన్నీటితో నింపి, ఒక రాత్రంతా ఉంచి, అతుకులు కారడం లేదని చూశాకే వేడినీరు వదలండి.

దీనినుంచి ఎంత ఆశించవచ్చు? గొట్టం లోపలి వ్యాసం 13.6 మిల్లీమీటర్లు అయితే అందులో 0.87 లీటర్ల నీరు పడుతుంది. కుళాయి కట్టేశాక అది 55నుంచి 30 డిగ్రీలకు చల్లారుతూ 0.87 × 4.2 × 25 = 91 కిలోజౌళ్లు ఇస్తుంది. కావలసిన 729లో ఇది ఎనిమిదో వంతు. అంటే ఈ చట్రం తువ్వాలును వెచ్చబరుస్తుందే తప్ప తానొక్కటే ఆరబెట్టలేదు. ఇంట్లో నలుగురు వరసగా స్నానం చేస్తే ప్రతిసారీ మరో 91 కిలోజౌళ్లు అందుతాయి. మిగతా పని గాలిదే. ఇంకొక ఖర్చు కూడా ఉంది: గొట్టంలో చల్లారిన దాదాపు లీటరు నీరు పోయాకే కుళాయికి వేడినీరు వస్తుంది.

9.6 భద్రత

నీటితో నింపిన గొట్టం రెండు చివరలూ మూసి, లోపల హీటరు పెట్టాలన్న ఆలోచన కొందరికి వస్తుంది. అలా ఎన్నడూ చేయకండి. 20నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే నీరు 1.5 శాతం వ్యాకోచిస్తుంది. వ్యాకోచించడానికి చోటు లేకపోతే పీడనం విపరీతంగా పెరిగి గొట్టం పగలవచ్చు.

230 వోల్టుల తీగను చట్రంలోకి చొప్పించడం అంతకంటే ప్రమాదం. తడి ఒంటి నిరోధాన్ని సుమారు 1,000 ఓములు అనుకుంటే ఒంటిగుండా ప్రవహించేది 230 ÷ 1,000 = 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో కొంత భాగమే చాలు. అదే 12 వోల్టులయితే 12 మిల్లీఆంపియర్లు.

విద్యుత్ చట్రమే కావాలంటే పరీక్షించి ధ్రువీకరించిన తయారీ సరుకును కొని, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనుతో పెట్టించుకోండి. నీటి తుంపరలను తట్టుకునే ఐపీఎక్స్4 గుర్తు, వేడి మితిమీరితే ఆపే థర్మోస్టాటు ఉన్నాయో లేదో చూడండి. దళసరి తువ్వాలు కప్పితే ఉష్ణం బయటికి పోక లోహం మరింత వేడెక్కుతుంది.

వేడినీటి చట్రానికీ ఎర్తింగ్ అవసరమే. గీజరు ఎలిమెంటు పాడైతే కరెంటు నీటిగుండా చట్రానికి చేరవచ్చు. ప్లాస్టిక్ గొట్టాల మధ్య ఉన్న లోహపు చట్రానికి వేరే ఎర్తు ఉండదు కాబట్టి, ఎలక్ట్రీషియనుతో ఆకుపచ్చ ఎర్తు తీగ వేయించండి. ఇంటి మెయిన్‌లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. అయితే ఒక చేత్తో ఫేజును, మరో చేత్తో న్యూట్రల్‌ను తాకినవారిని అది కాపాడలేదు. భూమికి కారే కరెంటునే అది గుర్తిస్తుంది.

9.7 సారాంశం

తువ్వాలు ఆరడానికి ఉష్ణం, పారే గాలి రెండూ కావాలి. మూసిన గదిలో వేడి ఒక్కటే సరిపోదు. గీజరు నీటి చట్రం తక్కువ ఖర్చుతో తువ్వాలును వెచ్చబరుస్తుంది, కాని దాని శక్తి పరిమితం. చట్రాన్ని ఎర్త్ చేయడం, మూసిన గొట్టాన్ని వేడి చేయకపోవడం, 230 వోల్టులను చట్రానికి దూరంగా ఉంచడం తప్పనిసరి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. తువ్వాలు 200 గ్రాముల నీటిని పీల్చుకుంటే ఆరడానికి కనీసం ఎంత ఉష్ణం కావాలి?
2. రాగికి బదులు స్టీలు గొట్టం వాడితే ఫలితం పెద్దగా ఎందుకు మారదు?
3. మీ స్నానాల గది కొలతలు తీసుకొని, 30 డిగ్రీల వద్ద ఆ గాలి పట్టగల ఆవిరిని లెక్కించండి. మీ ఇంటి ఆర్‌సీసీబీ మీద ఉన్న టెస్టు బటన్‌ను నొక్కి, అది పనిచేస్తోందో లేదో కూడా చూడండి.

జవాబులు: 1. 486 కిలోజౌళ్లు. 2. ఉష్ణ ప్రవాహానికి అసలు అడ్డంకి లోహం కాదు, వెలుపలి గాలి పొర. 3. గది ఘనపరిమాణాన్ని 30తో గుణిస్తే గ్రాముల్లో జవాబు వస్తుంది. బటన్ నొక్కినా ట్రిప్ కాకపోతే వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.