వంటయింటి చెత్త – ఎరువు – ఎలుకలు

నగరములలో ఎలుకలు పెచ్చుపెరిగినపుడు జనులు మందు పెట్టుదురు, బోనులు ఒడ్డుదురు. కొన్ని ఎలుకలు చచ్చును. కాని తిండి దొరకినంతకాలము మిగిలినవి ఆ లోటును త్వరలోనే పూడ్చును. ఆడ ఎలుక గర్భము ధరించిన ఇంచుమించు మూడు వారములకే ఈనును. ఈతకు సాధారణముగా ఆరు మొదలు పండ్రెండు వరకు పిల్లలు పుట్టును. కావున ఎలుకలను అదుపులో ఉంచవలెనన్న మొదట వాటికి తిండి అందకుండ చేయవలెను. నగరములో ఆ తిండి చాలవరకు వంటయిండ్లనుండియు, హోటళ్ళనుండియు వీధికి వచ్చుచున్నది.

దీనితో మన ఆరోగ్యము ముడిపడియున్నది. ఎలుకలు, పందికొక్కులు విడుచు మూత్రములో లెప్టోస్పైరా అను సూక్ష్మజీవి ఉండవచ్చును. వాననీటిలో నడచువారి కాలి పుండ్లద్వారా అది శరీరములో ప్రవేశించి కాలేయమును, మూత్రపిండములను దెబ్బతీయగలదు. ('బాండికూట్' అను ఆంగ్లపదమునకు మన 'పందికొక్కు'యే మూలము.) 1994లో సూరత్ నగరమున ప్లేగు కనిపించినపుడు లక్షలకొలది జనులు ఊరు విడిచిపోయిరి. ఆ తరువాత అచ్చటి నగరపాలకులు చెత్త తొలగించుటను ముఖ్యకార్యముగా చేపట్టిరి.

తడిచెత్తను వీధికి పంపక ఇంటనే కంపోస్టు ఎరువుగా మార్చవచ్చును. కూరల తొక్కులలో నత్రజని, తేమ హెచ్చు. ఎండుటాకులలో కర్బనము హెచ్చు. ఒక భాగము నత్రజనికి సుమారు 30 భాగముల కర్బనము ఉండి, గాలి, తగినంత తేమ అందినచో సూక్ష్మజీవులు చెత్తను చక్కగా జీర్ణించును. గాలి అందనిచో చెత్త కుళ్ళి దుర్వాసన పుట్టును. ఆ వాసనను పట్టుకొని ఎలుకలు వచ్చును.

ఘనమీటరు పరిమాణముగల పెద్ద కుప్పలో వేడిమి 55 నుండి 65 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పెరుగును. అంత వేడిలో ఎలుక గూడు కట్టజాలదు. ఇంటిలోని చిన్న కుండ అట్లు వేడెక్కదు. వస్తువు చిన్నదైనకొలది దాని ఘనపరిమాణముతో పోల్చినపుడు ఉపరితలము హెచ్చు. అందుచే పుట్టిన వేడి వెంటనే బయటికి పోవును. కావున చిన్న కుండకు వేరే రక్షణ కావలెను.

ఎలుక కొరుకుడు పండ్లు జీవితాంతము పెరుగుచునే ఉండును. చెక్కను, ప్లాస్టిక్కును అది కొరికివేయగలదు. అందుచే గాలికొరకు చేసిన రంధ్రములకు 6 మిల్లీమీటర్లకు మించని కన్నులుగల ఇనుపవలను బిగించవలెను. మూత బరువుగా ఉండవలెను. తొక్కులు వేసిన ప్రతిసారి వాటిపై ఎండుటాకులు కప్పి, వారమునకొకసారి కలియబెట్టవలెను. మాంసము, చేపలు, నూనె వంటకములు, మిగిలిన అన్నము ఇందులో వేయరాదు.

ఎరువు చేయుటకు చోటు లేనివారు తడిచెత్తను మూతగల లోహపు డబ్బాలో ఉంచి, చెత్తబండి వచ్చు వేళకే బయట పెట్టవలెను. ఎలుకలు సంచరించునది ముఖ్యముగా రాత్రివేళ. ముందునాటి రాత్రియే సంచిలో కట్టి వీధిలో ఉంచిన చెత్త వాటికి విందగును. తడి, పొడి చెత్తలను వేరుచేయవలెనని 2016లో కేంద్రప్రభుత్వము చేసిన నియమములు గృహస్థులను ఆదేశించినవి.

పాఠశాలలో దీనిని పరీక్షించుట సులభము. వల బిగించిన రెండు కుండలలో సమానముగా తొక్కులు వేసి, ఒకదానిలో మాత్రము ఎండుటాకులు కలుపవలెను. వాసనను, ఉష్ణోగ్రతను వారము వారము వ్రాసికొన్నచో ఎండుటాకులు చేయు మేలు విద్యార్థులకు తామే తెలియును.